రెండు ద్విబంధాలు - మన ఇంట్లో వాటి పని
(వికారాబాద్‌లో జరిగిన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"పెన్షను గురించి, డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. మీరు జీవితమంతా కెమిస్ట్రీ పాఠాలు చెప్పారు గదా, అందులోంచి ఇంటికి పనికొచ్చేది ఒకటి చెప్పండి. అరగంట దాటితే భోజనాలు చల్లారిపోతాయి" అని కార్యదర్శిగారు షరతు పెట్టారు. షరతుకు లోబడే మాట్లాడతాను.

ఈ విషయం ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ ఏడాది మన సభ్యుల ఇళ్ల నుంచి రెండు వార్తలు నా చెవిన పడ్డాయి. ఒకరి ఇంట్లో గ్యాస్ పొయ్యి ట్యూబు పగిలి రాత్రంతా వాసన వచ్చింది. దేవుడి దయవల్ల ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు. ఇంకొకరు చేతికర్ర జారి, తడి బండ మీద పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. కర్ర బాగానే ఉంది. కర్ర కింది రబ్బరు బిళ్ల గట్టిపడి, నున్నగా అరిగిపోయింది. ఈ రెండు ప్రమాదాల మూలం ఒకటే. అది రబ్బరు అణువులో మిగిలిపోయిన ఒక బంధం. ఆ బంధం ఎక్కడి నుంచి వచ్చింది, ఎందుకు మిగిలింది అనేదే ఇవాళ్టి నా మాట.

నాలుగు చేతుల మనుషులు

కార్బన్, హైడ్రోజన్ తప్ప మూడో మూలకం లేని పదార్థాలను హైడ్రోకార్బన్లు అంటారు. సిలిండర్‌లోని వంటగ్యాసు, కిరోసిన్, పెట్రోలు, కొవ్వొత్తి మైనం అన్నీ ఆ కుటుంబమే. కార్బన్ పరమాణువును నాలుగు చేతుల మనిషి అనుకోండి. హైడ్రోజన్‌కు ఒకటే చెయ్యి. ఇద్దరు కార్బన్లు ఒక్కొక్క చేత్తో పట్టుకుంటే ఏకబంధం. రెండేసి చేతులతో పట్టుకుంటే ద్విబంధం. పేరు వింటే ద్విబంధం గట్టిది అనిపిస్తుంది. గట్టిదే, కాని రెండో పట్టు కాస్త వదులు. ఎవరైనా వచ్చి చెయ్యి చాస్తే ఆ రెండో చెయ్యి వదిలి కొత్తవాడిని పట్టుకుంటుంది. అందుకే ద్విబంధం ఉన్న పదార్థాలు చురుకైనవి.

ఒక అణువులో రెండు ద్విబంధాలు ఉంటే దాన్ని డైఈన్ అంటారు. ఆ రెండూ ఎక్కడెక్కడ ఉన్నాయి అనేదాన్ని బట్టి మూడు రకాలు. రెండూ ఒకే కార్బన్‌ను అంటిపెట్టుకుని ఉంటే అలీన్లు. ఇవి మన రోజువారీ జీవితంలో పెద్దగా కనిపించవు. రెండింటి మధ్య ఒక్క ఏకబంధం ఉంటే, అంటే ఒకటి విడిచి ఒకటిగా ఉంటే, సంయుగ్మ డైఈన్లు. ఇవే పరిశ్రమలకు ప్రాణం. ఇంకా దూరంగా ఉంటే వివిక్త డైఈన్లు.

సంయుగ్మ డైఈన్లలో అతి చిన్నది బ్యుటాడైఈన్. నలుగురు కార్బన్లు వరుసగా నిలబడ్డారనుకోండి. ఒకటో మనిషి, రెండో మనిషి రెండేసి చేతులతో పట్టుకున్నారు. మూడు, నాలుగు కూడా అంతే. మధ్యలో రెండు, మూడు మాత్రం ఒక్కొక్క చేత్తోనే పట్టుకున్నారు. మిగతా చేతులన్నీ హైడ్రోజన్లను పట్టుకుని ఉన్నాయి. ఇప్పుడు ఇలాంటి వరుసలు వేలకొద్దీ పక్కపక్కన చేరాయి. చివరనున్న ఒకటో మనిషి ఒక చెయ్యి విడిపించుకుని ఎడమవైపు వరుసకు ఇస్తాడు. నాలుగో మనిషి కుడివైపు వరుసకు ఇస్తాడు. అప్పుడు రెండో మనిషికీ మూడో మనిషికీ ఒక్కొక్క చెయ్యి ఖాళీ అవుతుంది. ఆ ఇద్దరూ దగ్గరే ఉన్నారు కాబట్టి ఆ ఖాళీ చేతులు కలుపుకుంటారు. ఫలితం ఏమిటి? వేల వరుసలు కలిసి ఒక పొడవైన గొలుసు తయారైంది. చివరలనున్న రెండు ద్విబంధాలు పోయి నడుమ కొత్తగా ఒకటి వచ్చింది. ఈ గొలుసే రబ్బరు. నడుమ మిగిలిన ఆ ఒక్క ద్విబంధం గుర్తుపెట్టుకోండి. ఇవాళ్టి కథంతా దానిదే.

చెట్టు చేసిన రబ్బరు, మనిషి చేసిన రబ్బరు

బ్యుటాడైఈన్ వరుసలో రెండో కార్బన్ దగ్గర ఒక హైడ్రోజన్‌ను తీసి ఇంకొక కార్బన్ గుంపును తగిలిస్తే అది ఐసోప్రీన్. రబ్బరు చెట్టు పాలలో ఉండేది ఈ ఐసోప్రీన్ గొలుసే. రబ్బరులో ప్రతి ఐదు కార్బన్లకు ఎనిమిది హైడ్రోజన్లు ఉన్నాయని 1826లో మైకేల్ ఫారడే లెక్క తేల్చాడు. 1860లో గ్రెవిల్ విలియమ్స్ రబ్బరును గాలి తగలకుండా కాచి, ఆవిరిని చల్లార్చి ఐసోప్రీన్‌ను వేరు చేశాడు. అంతకుముందే, 1839లో, అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ పచ్చి రబ్బరుకు గంధకం కలిపి వేడిచేస్తే అది ఎండకు కరగదు, చలికి పగలదు అని కనుక్కున్నాడు. ఎందుకలా జరిగింది? గొలుసులో మిగిలిన ద్విబంధం ఉన్నచోటనే గంధకం పట్టు దొరకబుచ్చుకుని ఒక గొలుసును పక్క గొలుసుకు కుట్టేస్తుంది. మిగిలిన బంధమే లేకపోతే ఈ కుట్టు పడదు. టైరు అనేదే ఉండదు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఇదే ఐసోప్రీన్ గొలుసు ఇంకొక చెట్టులో వేరే మెలికతో తయారవుతుంది. దాని పేరు గట్టాపెర్చా. గొలుసు ఒకే వైపుకు వంగితే సాగే రబ్బరు. అటొకసారి ఇటొకసారి వంగితే సాగని గట్టి పదార్థం. పంతొమ్మిదో శతాబ్దంలో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలకు ఈ గట్టాపెర్చా తొడుగే వేశారు. మనలో రూట్ కెనాల్ చేయించుకున్నవారు చాలామంది ఉన్నారు గదా. పన్ను వేరులో డాక్టరు నింపే గులాబీ రంగు పుల్ల ఉంటుంది, అదే గట్టాపెర్చా. కాబట్టి డైఈన్ కథ మన నోటిదాకా వచ్చిందన్నమాట.

కృత్రిమ రబ్బరు మీద ఆశ పుట్టించింది యుద్ధాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీకి రబ్బరు అందక, ఇంకొక డైఈన్‌తో మిథైల్ రబ్బరు అనేది చేసుకున్నారు. నాణ్యం తక్కువ, ఖర్చు ఎక్కువ. రష్యాలో లెబెడెవ్ అనే శాస్త్రజ్ఞుడు 1910లోనే బ్యుటాడైఈన్‌తో రబ్బరు చేసి చూపించాడు. 1930ల తొలినాళ్లకు అక్కడ ఆల్కహాలు నుంచి బ్యుటాడైఈన్ తీసే ఫ్యాక్టరీలు నడిచాయి. జర్మనీవాళ్లు ఇంకొక దారి పట్టారు. సున్నపురాయిని కాల్చి సున్నం, సున్నానికి కోక్ బొగ్గు కలిపి విద్యుత్ కొలిమిలో కాల్షియం కార్బైడ్, దాని మీద నీళ్లు పోస్తే ఎసిటిలీన్, దాని నుంచి బ్యుటాడైఈన్. తాండూరు మిత్రులు వినాలి. మీ ఊరి బండ కూడా సున్నపురాయి జాతిదే. ఇంటి నేలకూ సిమెంటుకూ పనికొచ్చే ఆ జాతి రాతి నుంచి టైరు దాకా దారి ఉందని రసాయనశాస్త్రం చెబుతుంది.

1942లో మలయా, ఇండొనేషియా జపాను చేతిలోకి పోయాక అమెరికాకు రబ్బరు తోటలు దూరమయ్యాయి. వాళ్లు ఒకటి రెండేళ్లలోనే బ్యుటాడైఈన్, స్టైరీన్ కలిపిన రబ్బరును లక్షల టన్నుల్లో తీశారు. మొదట్లో ఆ బ్యుటాడైఈన్‌లో పెద్ద భాగం ఆల్కహాలు నుంచే వచ్చింది.

మన దేశం కూడా అదే బాట నడిచింది. ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో సింథటిక్స్ అండ్ కెమికల్స్ కంపెనీ 1960లలో చెరకు మడ్డి నుంచి వచ్చే ఆల్కహాలుతో కృత్రిమ రబ్బరు తయారుచేసింది. ఆఫీసుల్లో ఎక్సైజు ఫైళ్లు చూసినవారికి ఈ పేరు ఇంకొక విధంగా గుర్తుండాలి. పారిశ్రామిక ఆల్కహాలు మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలదా, కేంద్రానిదా అనే వివాదంలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1989లో ఇచ్చిన ప్రసిద్ధ తీర్పు ఈ కంపెనీ పేరుమీదిదే. తొమ్మిదిమంది ధర్మాసనం 2024 అక్టోబరులో ఆ తీర్పును పక్కనపెట్టి, పారిశ్రామిక ఆల్కహాలును నియంత్రించే అధికారం రాష్ట్రాలకు ఉందని చెప్పింది. రబ్బరు కోసం కాచిన ఆల్కహాలు రాజ్యాంగ చర్చ దాకా పోయింది చూడండి. ఇప్పుడు బ్యుటాడైఈన్ ప్రధానంగా పెట్రోలియం నాఫ్తా నుంచి వస్తోంది. హర్యానాలోని పానిపట్‌లో 2013లో మొదలైన కర్మాగారం సామర్థ్యం ఏడాదికి 1,20,000 టన్నుల స్టైరీన్-బ్యుటాడైఈన్ రబ్బరు.

మనకు దగ్గరలో చూడాలంటే వికారాబాద్ నుంచి బస్సెక్కి సదాశివపేట వైపు వెళ్లండి. ఎం.ఆర్.ఎఫ్. టైర్ల ఫ్యాక్టరీ కనిపిస్తుంది. ఒక టైరులో ఒకటే రబ్బరు ఉండదు. బరువు మోసే లారీ టైరులో చెట్టు రబ్బరు పాలు ఎక్కువ, ఎందుకంటే నడిచేటప్పుడు అది తక్కువ వేడెక్కుతుంది. తాండూరు నుంచి బండలు మోసుకుపోయే లారీల కింద ఉన్నది ముఖ్యంగా ఐసోప్రీన్ గొలుసే. కారు టైరు నేలను తాకే భాగంలో స్టైరీన్-బ్యుటాడైఈన్ రబ్బరు, పక్క గోడల్లో బ్యుటాడైఈన్ రబ్బరు కలుస్తాయి. రైలు పట్టాల సంగతీ అంతే. వాడి నుంచి సికింద్రాబాద్‌కు మన మీదుగా 1874లో రైలు వచ్చినప్పుడు కింద ఉన్నవి కర్ర స్లీపర్లు. ఇప్పుడు కాంక్రీటు స్లీపర్లు. కాంక్రీటుకు కర్రకున్న మెత్తదనం లేదు కాబట్టి పట్టాకూ స్లీపర్‌కూ మధ్య గాళ్లు పెట్టిన రబ్బరు బిళ్ల వేస్తారు. ఇక్కడున్న రైల్వే మిత్రులకు అది నాకంటే బాగా తెలుసు.

బలమే బలహీనత

ఇక అసలు సంగతి. గంధకం కుట్టు వేశాక కూడా గొలుసులో ద్విబంధాలన్నీ ఖర్చు కావు. చాలా మటుకు అలాగే మిగులుతాయి. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ వాటిని వెతుక్కుంటూ వస్తాయి. ఓజోన్ ఆ బంధం దగ్గరే గొలుసును తెగ్గొడుతుంది. లాగి ఉంచిన చోట, వంచి ఉంచిన చోట ముందు పగుళ్లు కనిపించేది అందుకే. ఆక్సిజన్ ఇంకొక పని చేస్తుంది. కొన్నిచోట్ల గొలుసును తెంచుతుంది, కొన్నిచోట్ల అదనపు కుట్లు వేస్తుంది. కుట్లు ఎక్కువైతే రబ్బరు గట్టిపడి పెళుసుబారుతుంది. పొయ్యి వేడి, ఎండ తోడైతే ఈ పని ఇంకా వేగంగా సాగుతుంది. ఫ్యాక్టరీలో రక్షక ద్రవ్యాలు కలుపుతారు గాని వాటికీ ఆయుర్దాయం ఉంది.

ఇక్కడ ఒక అపోహ తొలగిపోవాలి. "మేం ఇద్దరమే, పొయ్యి పెద్దగా వాడము, ట్యూబు కొత్తదానిలాగే ఉంది" అంటారు. రబ్బరు వాడకం వల్ల అరిగేది కొంత, వయసు వల్ల చెడేది కొంత. వాడకపోయినా గాలి దాని పని మానదు. రిటైరయ్యాక షెడ్డులో నిలబెట్టిన స్కూటరు టైర్లు చూడండి. గాళ్లు కొత్తవే, పక్కలు మాత్రం పగుళ్లు.

దీనికి రసాయనశాస్త్రజ్ఞులు ఒక విరుగుడు కనుక్కున్నారు. ఇథిలీన్, ప్రొపిలీన్ గొలుసుకు చాలా కొద్ది పాలు ఒక వివిక్త డైఈన్ కలుపుతారు. దాని రెండు ద్విబంధాల్లో ఒకటి గొలుసులో కలిసిపోతుంది, రెండోది గొలుసు బయట కొమ్మలాగా వేలాడుతుంది. గంధకం కుట్టు ఆ కొమ్మ మీద పడుతుంది. ఓజోన్ వచ్చి కొమ్మను కొరికినా అసలు గొలుసు తెగదు. కార్ల తలుపుల చుట్టూ ఉండే రబ్బరు అంచు ఎండకూ వానకూ ఏళ్లతరబడి తట్టుకునేది అందుకే. దాన్ని ఇ.పి.డి.ఎం. రబ్బరు అంటారు. కాని అన్ని పనులకూ అది పనికిరాదు. నూనెలు, పెట్రోలు తగిలే చోట అది ఉబ్బిపోతుంది. అక్కడ బ్యుటాడైఈన్‌కు ఎక్రిలోనైట్రైల్ కలిపిన నైట్రైల్ రబ్బరు కావాలి. ప్రతి రబ్బరుకూ ఒక బలం, ఒక బలహీనత. దాని పని దాన్నే చేయనివ్వాలి.

కుసుమ, ఆముదం

ఇప్పుడు వంటింటి నూనె దగ్గరికి వద్దాం. నూనెలు హైడ్రోకార్బన్లు కావు, వాటిలో ఆక్సిజన్ కూడా ఉంటుంది. అయినా వాటి పొడవైన తోకలు కార్బన్-హైడ్రోజన్ గొలుసులే, రెండు ద్విబంధాల లెక్క అక్కడా అదే. రెండు ద్విబంధాలున్న కొవ్వు ఆమ్లం పేరు లినోలీక్ ఆమ్లం. దీన్ని మన శరీరం తయారుచేసుకోలేదు, తిండిలోనే రావాలి. ఈ సంగతి 1929-30లో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ అనే దంపతులు ఎలుకల మీద పరిశోధన చేసి బయటపెట్టారు.

ఈ ఆమ్లం నిండుగా ఉండే నూనె మన తాండూరు నల్లరేగడిలో పండుతుంది. అదే కుసుమ నూనె. మామూలు కుసుమ రకాల నూనెలో లినోలీక్ ఆమ్లం దాదాపు నాలుగింట మూడు వంతులు. పల్లీ నూనెలో ఇది మూడోవంతుకు అటూ ఇటూ, కొబ్బరి నూనెలో నామమాత్రం. తాండూరులోని వ్యవసాయ పరిశోధన కేంద్రం కందితోపాటు కుసుమ మీద కూడా పనిచేస్తుంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మనందరికీ గర్వకారణం. కుసుమకు అంత పేరు రాలేదు. జొన్న చేను చుట్టూ పశువులు దూరకుండా నాలుగు వరుసలు కుసుమ వేసేవాళ్లని మనలో పల్లెల నుంచి వచ్చినవారికి తెలుసు. ముళ్లకు భయపడి కోతకు మనుషులు రారు. ముళ్లు లేని రకాలు కూడా ఉన్నాయి. ఊళ్లో పొలం ఉన్న సభ్యులు పరిశోధన కేంద్రంలో ఒకసారి అడిగి చూడవచ్చు.

అయితే కుసుమ నూనె మంచిది కదా అని అదొక్కటే వాడమని నేను చెప్పను. లినోలీక్ ఆమ్లంలో రెండు ద్విబంధాల మధ్య ఒక కార్బన్ ఉంటుంది. రెండు వైపుల నుంచీ లాగుడు ఉండటంతో దాని హైడ్రోజన్ చాలా సులభంగా ఊడిపోతుంది. ఆక్సిజన్ దాడి మొదలయ్యేది అక్కడే. బాండీ అంచుకు పట్టి, ఎంత తోమినా వదలని పసుపు జిగురు మీ అందరికీ తెలుసు. అది నూనె గొలుసులు ఒకదానికొకటి కుట్టుకుపోయిన పదార్థం. తలుపుకు వేసిన నూనె రంగు ఆరి గట్టిపడేదీ ఇదే పద్ధతిలో. తలుపు మీద అది మంచిదే. పూరీలు వేయించిన నూనెలో అదే జరిగితే మంచిది కాదు. వాడిన నూనెలో ఇలా పుట్టే పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె పనికిరాదని ఆహార భద్రతా సంస్థ నియమం 2018 నుంచి అమలులో ఉంది. ఇంట్లో మనకు కొలిచే సాధనం లేదు. నల్లబడినా, నురగ వచ్చినా, చిక్కబడినా పారేయడమే కొలత. ద్విబంధాలు ఎక్కువున్న నూనెను తాలింపుకూ కూరకూ వాడుకోవాలి, మళ్లీ మళ్లీ కాచే వేపుళ్లకు కాదు. నూనెలు మార్చి మార్చి, మితంగా వాడటం ఉత్తమం. గుండె జబ్బు ఉన్నవారు డాక్టరు మాట వినండి, నా మాట కాదు.

ఆముదానిది ఇంకొక కథ. ఆముదంలో ముఖ్యమైన ఆమ్లానికి ఒకటే ద్విబంధం, దాని దగ్గర్లో నీటి భాగం ఒకటి తగిలి ఉంటుంది. అందుకే ఆముదం రంగులాగా ఆరదు. ఉత్ప్రేరకం వేసి వేడిచేస్తే ఆ నీరు పోయి రెండో ద్విబంధం పుడుతుంది. అందులో కొన్ని అణువుల్లో ఒకటి విడిచి ఒకటి, అంటే సంయుగ్మ పద్ధతిలో. అప్పుడు అదే ఆముదం చక్కగా ఆరే రంగు నూనె అవుతుంది. అవిసె నూనెలాగా పసుపు తిరగదు కాబట్టి తెల్లరంగులకు బాగుంటుంది. తెలంగాణ మెట్టపొలాల్లో పండే ఆముదానికి ఇంత విలువ రావడానికి చాలినది ఒక్క ద్విబంధం.

ఎండలో జరిగే పని

రెండు ద్విబంధాలు మన చర్మంలో కూడా ఉన్నాయి. కొలెస్టరాల్‌కు దగ్గరి చుట్టం ఒకటి చర్మంలో ఉంటుంది. దాని ఒక వలయంలో ఒకటి విడిచి ఒకటిగా రెండు ద్విబంధాలు. ఈ జంట ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో ఒక భాగాన్ని పీల్చుకుంటుంది. ఆ శక్తికి వలయం తెరుచుకుంటుంది. తర్వాత శరీరపు వేడికే అది విటమిన్ డి గా మారుతుంది. ఒక్క ద్విబంధమే ఉన్న కొలెస్టరాల్‌కు ఈ పని చేతకాదు.

ఇందులో మనకు రెండు పాఠాలు. ఆ కిరణాలు కిటికీ అద్దంలోంచి లోపలికి రావు. అద్దం వెనక కుర్చీ వేసుకుని పేపరు చదివితే వెచ్చదనం వస్తుంది గాని విటమిన్ రాదు. రెండోది, తెల్లవారుజామున, సాయంత్రం వాలిన ఎండలో ఆ కిరణాలు చాలా తక్కువ. పొద్దెక్కిన తర్వాత, ఎండ మరీ ముదరకముందు, చేతులకూ కాళ్లకూ కొంచెంసేపు తగలనిస్తే మేలు. వయసు మీద పడ్డాక చర్మంలో ఆ పదార్థం తగ్గుతుంది కాబట్టి కొందరికి మాత్రలు అవసరం. అది రక్తపరీక్ష చూసి డాక్టరు తేల్చాలి. ఎముక గట్టిగా ఉంటే కర్ర జారినా తుంటి విరగదని నేను హామీ ఇవ్వలేను గాని, ప్రమాదం తగ్గుతుంది.

ప్రయోగశాలలో కూడా ఈ జంటకు పెద్దపీట వేశారు. 1928లో జర్మనీలో ఓట్టో డీల్స్, ఆయన శిష్యుడు కుర్ట్ ఆల్డర్ ఒక సంయుగ్మ డైఈన్‌ను ఇంకొక ద్విబంధంతో కలిపితే ఒక్క దెబ్బతో ఆరు మూలల వలయం ఏర్పడుతుందని స్పష్టం చేశారు. గురుశిష్యులిద్దరికీ 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. మరుసటి ఏడాది వుడ్‌వర్డ్ అనే శాస్త్రజ్ఞుడు స్టెరాయిడ్ అణువును కట్టినప్పుడు మొదటి అడుగుల్లో వాడింది బ్యుటాడైఈన్‌తో ఈ చర్యనే. మందుల తయారీలో ఈ పద్ధతి నేటికీ ముఖ్యమైనదే.

మనవలకు చూపడానికి ఒక ప్రయోగం చెబుతాను. నారింజ, బత్తాయి తొక్కలో లిమొనీన్ అనే నూనె ఉంటుంది. అది అచ్చమైన హైడ్రోకార్బన్, రెండు ద్విబంధాలు, రెండు ఐసోప్రీన్ ముక్కలు కలిసినట్టుండే అణువు. బాగా ఊదిన బెలూను మీద తాజా తొక్కను మడిచి పిండండి. చుక్క పడగానే బెలూను పేలుతుంది. బెలూను రబ్బరూ ఐసోప్రీన్ జాతిదే, తన జాతి నూనెలో కరిగి పలచబడుతుంది. కళ్లకు దూరంగా పట్టుకోమని చెప్పండి. సెలవుల్లో వచ్చిన పిల్లలు ఫోను కాసేపు పక్కనపెడతారు.

ఇంటికి వెళ్లి చేయవలసినవి

ఇంత చెప్పింది ఈ నాలుగు పనుల కోసమే.

ఒకటి. గ్యాస్ ట్యూబు మీద తారీఖు చూడండి. ఐదేళ్లు దాటితే మార్చండి, చూపుకు ఎంత బాగున్నా సరే. పగులు, మెత్తదనం, జిగట కనిపిస్తే ఐదేళ్లు ఆగవద్దు. లీకు అనుమానం వస్తే సబ్బు నురగతో చూడాలి, అగ్గిపుల్లతో కాదు. ట్యూబును పొయ్యి వెనకనుంచి వేడి తగిలేటట్టు పోనివ్వవద్దు, గుడ్డ చుట్టి దాచవద్దు.

రెండు. చేతికర్ర బిళ్లను గోటితో నొక్కండి. గోరు దిగకపోతే, గాళ్లు అరిగిపోతే మార్చండి. కొద్ది రూపాయల వస్తువు అది. ఆపరేషను ఖర్చు ఎంతో ఇక్కడ చాలామందికి తెలుసు.

మూడు. స్కూటరు టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాళ్లు చూసి మోసపోవద్దు, అంకెలు చూసి, పక్కల పగుళ్లు చూసి మెకానిక్‌ను అడగండి.

నాలుగు. కాముని దహనానికో, చలిమంటకో పిల్లలు పాత టైర్లు తెస్తే వద్దని చెప్పండి. టైరు కాలితే గొలుసులు తెగి బ్యుటాడైఈన్ లాంటి వాయువులు, గంధకపు పొగ, మసి వస్తాయి. బ్యుటాడైఈన్ మనుషుల్లో క్యాన్సరు కలిగించేదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. ఉబ్బసం ఉన్న మన వయసువాళ్లకు ఆ పొగ ఇంకా చెరుపు.

చివరగా కార్యవర్గానికి ఒక మనవి. మన సభ్యుల్లో పిల్లలు దూరదేశాల్లో ఉండి, ఒంటరిగా బతుకుతున్నవారు వికారాబాద్‌లోనూ తాండూరులోనూ ఉన్నారు. భర్త పోయాక ఫ్యామిలీ పెన్షను మీద ఒక్కరే ఉన్న అక్కయ్యలు ఉన్నారు. వంగి సిలిండరు వెనక ట్యూబు మీద అంకెలు చదవడం వాళ్లకు కుదరదు. వీధికి ఇద్దరు సభ్యులు చొప్పున ముందుకొస్తే, ఒక ఆదివారం పొద్దున ఆ ఇళ్లన్నీ తిరిగి తారీఖులు రాసుకుని, గ్యాస్ డీలరుకు చెప్పి మార్పించవచ్చు. సంఘం నిధి నుంచి పైసా అక్కరలేదు. మొదటి పేరు నాది రాసుకోండి.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు.